తూముల దొరను అడిగిన ప్రశ్న

నాకు కచ్చితంగా తెలిసినవి ముందు చెబుతాను. అల్లవరం దగ్గర మా తమ్ముడి ఇంట్లో, వేసవి చివర మొదలుపెట్టి వినాయక చవితి దాకా, ఆదివారం మధ్యాహ్నాలు మేము ఒక ఆట ఆడాం. ఆటను నడిపింది పదో తరగతికి వచ్చిన తమ్ముడి కూతురు, మా మేనకోడలు. ఆ రోజుల్లోనే పక్కవాళ్ళ నారుమడి ఉప్పునీటికి మాడిపోయింది. ఆ నీటిలో ఉప్పెంతో కొలిచింది నేనే. అంకెలు నా నోటుపుస్తకంలో ఉన్నాయి. నారుమడి పోయిన కొద్ది రోజులకు మేనకోడలు తన తండ్రితో మాట్లాడటం మానేసింది. ఇంతవరకు సందేహం లేదు.

విన్నవి వేరు. సముద్రం పొంగి మురుగుకాలువలోకి ఎక్కిందని కొందరు అన్నారు. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర తలుపు దించడం ఎవరో మరిచిపోయారని కొందరు అన్నారు. ఆటలోని దుర్మార్గుడికి అచ్చం మా తమ్ముడి మీసాలే ఉన్నాయని మా మరదలు అంది. మేనకోడలు గీసిన బొమ్మ నేను చూశాను. అందులో ముఖానికి ముసుగు ఉంది. కాబట్టి మీసాల సంగతి రుజువు కాలేదు.

నేను అమలాపురంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబులో పనిచేస్తాను. సీసాలో తెచ్చిన నీటి గురించి రైతు చెప్పేది ఒకటి, ఆ నీరు చెప్పేది ఇంకొకటి కావడం రోజూ చూస్తాను కనుక, ఎవరు ఏం చెప్పినా ఒకసారి సరిచూసుకోవడం అలవాటైంది. ఈ అలవాటుతో కట్టుకథల ఆటలో కూర్చోవడం సులభం కాదు.

ఆట పద్ధతి ఇది. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలో మనిషి అవుతారు. వంతెన విరిగి ఉంది, ఏం చేస్తారని కథ చెప్పేవారు అడుగుతారు. ఎవరికి తోచింది వారు చెబుతారు. అది సాగిందో లేదో పాచికలు తేలుస్తాయి. దారిలో ఎదురయ్యే ప్రతి ఒక్కరి గొంతూ, పూటకూళ్ళమ్మ నుంచి శత్రువు దాకా, కథ చెప్పేవారిదే. మేనకోడలు ఇదంతా ఫోనులో చూసి నేర్చుకుంది. ఇరవై ముఖాల పాచిక కావాలట. అది లేక అష్టాచెమ్మా గవ్వలు పట్టుకొచ్చింది. గవ్వలు వెల్లకిలా, బోర్లా సమానంగా పడవని నాకు అనుమానం వచ్చి, ఒక పూటంతా కూర్చుని వేసి లెక్క రాశాను. నిజంగానే పడవు. ఆ కాగితం చూపిస్తే మేనకోడలు దాన్ని మడతపెట్టి నిమ్మకాయ పచ్చడి జాడీ కింద పెట్టింది.

ఆడేది ముగ్గురం. నేను వైద్యురాలిని. మా మరదలు వంటమనిషి వేషంలో తిరిగే దొంగ. మూడో మనిషి విలుకత్తె. ఆమె మేనకోడలికి ఒకటో తరగతి నుంచి స్నేహితురాలు, ఆ పక్క పొలం వాళ్ళ అమ్మాయి. మొదట్లో శత్రువు ఒక మొసలి రాజు. పళ్ళు చాలా ఉండేవి, బుద్ధి తక్కువ. మూడు ఆదివారాల్లో చంపేశాం. మరదలు దాన్ని వండటానికి కూడా సిద్ధపడింది.

ఇంతలో తొలకరి వచ్చింది. కాలువలు వదిలినా ఆ శివారు పొలాలకు నీరు చేరేసరికి ఆలస్యమవుతుంది. అందాకా రైతులు మురుగుకాలువలో వాననీరు చేరగానే ఇంజను పెట్టి నారుమడికి తోడుకుంటారు. తోడే ముందు చేత్తో కొంచెం తీసి నాలుక మీద వేసుకుని చూస్తారు. స్నేహితురాలి తండ్రి ఆ ఉదయమూ అలాగే చూశాడు. నీరు చప్పగా ఉంది. ఇంజను వేసి, గట్టు మీద తుండు పరుచుకుని పడుకున్నాడు. నాలుగు రోజులకు నారు కొసలు ఎర్రబడి, తరవాత తెల్లబడి, వాలిపోయింది.

ఆయన మడిలోని నీరు సీసాలో పోసుకుని మా ల్యాబుకు వచ్చాడు.

"ఉప్పేనాండీ?"

"ఉప్పేనండీ. చాలా ఉంది."

"పొద్దున్న చప్పగానే ఉందండీ. నా నాలిక్కి తెలీదాండీ?"

ఆయన నాలుకను నేను అనుమానించలేదు. ఆదివారం వెళ్ళినప్పుడు కొలిచే పరికరం వెంట తీసుకుపోయి, కాలువ గట్టు వెంబడి నడుస్తూ పది చోట్ల బొట్టు తీసి చూశాను. సముద్రం నుంచి వచ్చిందే అయితే, అటు పోయేకొద్దీ ఉప్పు పెరగాలి. పెరగలేదు. మధ్యలో ఒకచోట అన్నిటికంటే ఎక్కువగా ఉండి, అటూ ఇటూ తగ్గింది. ఆ చోట మా తమ్ముడి రొయ్యల చెరువులోని ఉప్పునీటిని కాలువలోకి వదిలే గొట్టం ఉంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, పప్పు కలుపుకుంటూ, ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అంకె ఎవరి పక్షమూ కాదు కదా అని అనుకున్నాను. మేనకోడలు ఎదురుగా కూర్చుని ఉందన్న సంగతి ఆ నిమిషంలో లెక్కలోకి తీసుకోలేదు. నా తప్పుల్లో నేను రాసి పెట్టుకున్నది అది.

తమ్ముడు బుకాయించలేదు. "నేనే తీసేనక్కా," అన్నాడు. చెరువుకు తెగులు సోకింది. నీరు దించి, వల లాగి, చావని రొయ్యలనైనా పట్టుకోవాలి. వల లాగే మేస్త్రీ సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేదివాడు. అతను ఫోను చేసి, ఇక్కడ పోటు తీసిందండీ, మేం బయలుదేరుతున్నాం, మీరు గొట్టం తీసేయండి అన్నాడు. పోటు తీస్తే, అంటే సముద్రం వెనక్కి తగ్గితే, కాలువ నీరు అందులోకి లాగేస్తుంది, ఉప్పు దానితోనే పోతుందని తమ్ముడు గొట్టం తీశాడు.

"అంతర్వేది మొగలో పోటు తీసినంత మాత్రాన నీ కాలువలో తీసినట్టా?" అన్నాను. "లోపలికి తోసుకొచ్చిన నీరు తిరగడానికి ఇంకో గంటో రెండు గంటలో పడుతుంది. నువ్వు తీసిన నీరు కిందకి పోలేదు, పైకి ఎక్కింది."

"ఎప్పుడూ అలానే తీస్తాం కదక్కా."

"ఎప్పుడూ అక్కడ ఇంజను నడవలేదు."

మేనకోడలు చెయ్యి కడుక్కుని లేచిపోయింది. కంచంలో అన్నం అలాగే ఉంది.

ఇక నా సంగతి. స్నేహితురాలి తండ్రికి నేను ఇచ్చిన కాగితంలో నీటిలో ఉప్పు ఎంత ఉందో రాశాను. ఆయన అడిగింది అంతే. ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన అడగలేదు, నేను రాయలేదు. ఆ కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా దాన్ని ఇప్పుడు తలుచుకుంటే నాకు మంచి నిద్ర పట్టదు.

వారం తిరక్కుండా తమ్ముడు రామచంద్రపురం వైపు మా పిన్నిగారి ఊరికి పోయి, ట్రాక్టరు నిండా నారు కట్టలు తెచ్చి, తెల్లవారేసరికి వాళ్ళ గట్టు మీద దింపించి వచ్చాడు. ఎవరు పంపారని అడిగితే, మిగిలిన నారండీ అని డ్రైవరు చేత చెప్పించాడు. ఊడ్పులు జరిగిపోయాయి. అక్కడితో సర్దుకుందని తమ్ముడు అనుకున్నాడు. నేనూ కొంత అనుకున్నాను.

మేనకోడలు అనుకోలేదు. "చెప్పకుండా ఇస్తే చాలా అత్తా?" అని నన్ను వంటింట్లో పట్టుకుని అడిగింది. "అది నా పక్కన కూర్చుని బాక్సులో జంతికలు నాకే ముందు పెడతాది. నారు ఎవరు పంపేరో మంచోళ్ళు అంటాది. నేను నమిలి మింగాలి."

"నువ్వు చెప్పొచ్చు కదే."

"నేను చెబితే చాడీ. నాన్న చెప్పాలి."

అప్పటి నుంచి ఆ ఇంట్లో మాటలన్నీ మా మరదలి మీదుగా నడిచాయి. "అమ్మా, నాన్నని అన్నానికి రమ్మను." తండ్రి పక్క కుర్చీలోనే ఉంటాడు. "వస్తున్నానని చెప్పు," అంటాడు తమ్ముడు. "వస్తున్నారటే," అంటుంది మరదలు. మూడో రోజుకి ఆమెకు విసుగు పుట్టి, "నన్ను పోస్టాఫీసులో వేయించండి వదినగారూ, జీతమైనా వస్తాది," అంది.

ఆటలో కొత్త శత్రువు వచ్చింది ఆ తరవాతే. పేరు తూముల దొర. రాజ్యంలోని తూములన్నిటి తాళాలూ అతని దగ్గరే ఉంటాయి. ముసుగు తీయడు. ఒక పౌర్ణమినాడు తూము ఎత్తి సముద్రాన్ని పొలాల మీదికి వదిలాడు.

"ఎందుకు వదిలాడు?" అన్నాను.

"చెడ్డవాడు కాబట్టి."

"చెడ్డవాడని ఎవరు చెప్పారు?"

"నేను చెప్పేను కదత్తా."

"నువ్వు కథ చెప్పేదానివి. కథలో ఎవరు చూశారు?"

"అందరికీ తెలుసు."

"అందరికీ తెలుసంటే ఎవరూ చూడలేదని నా అనుభవం."

స్నేహితురాలు నవ్వు ఆపుకోలేక, "అత్తగారండీ, మీరు వైద్యురాలాండీ, ప్లీడరుగారాండీ?" అంది.

"మా వదినగారు పెళ్ళిచూపులకి థర్మామీటరు పట్టుకెళ్ళిన మనిషమ్మా," అంది మరదలు. అది నిజం కాదు. కానీ అప్పుడు ఖండించలేదు.

మేనకోడలు మాత్రం నవ్వలేదు. గవ్వలు గుప్పిట్లో బిగించి, "చెడ్డవాడికి కారణం ఇస్తే జాలేస్తుందత్తా," అంది. "జాలేస్తే ఇక ఎలా కొడతాం?"

కారణం వేరు, క్షమాపణ వేరు అని ల్యాబులో కుర్రాళ్ళకు చెప్పే గొంతుతో చెప్పాను. కారణం తెలిసినంత మాత్రాన మాడిన నారు పచ్చబడదని కూడా అన్నాను. ఆమె వింది. "కారణం విన్నాక ఎవరైనా కొట్టేరా?" అని అడిగింది. నాకు తెలిసినంతలో ఒక ఉదాహరణ వెతికాను. ఆ పూటకు దొరకలేదు.

శ్రావణంలో ఒక ఆదివారం జోరుగా వాన. చెరువు గట్టు మీదికి పోవడానికి లేక తమ్ముడు వరండాలోనే తిరుగుతున్నాడు. కాసేపటికి మా చాప దగ్గరకు వచ్చి, "నాకూ ఒక మనిషిని ఇస్తారా?" అన్నాడు. ఎవరిని అడిగాడో స్పష్టంగా లేదు. గవ్వల వైపు చూసి అడిగాడు.

మేనకోడలు తల్లి వైపు తిరిగింది. "అమ్మా, కొత్తగా వచ్చినవాళ్ళకి బలం ఉండదు, కత్తి ఉండదు, ఒక తెడ్డే ఉంటుందని చెప్పు."

"తెడ్డే ఉంటాదటండీ."

"తెడ్డు చాలు," అన్నాడు.

అలా పడవవాడు అయ్యాడు. ఆ తరవాతి గంటలో నేను గమనించింది ఇది. ఆటలో అడిగిన ప్రతి ప్రశ్నకూ కథ చెప్పేవారు జవాబు ఇచ్చి తీరాలని మేనకోడలే మొదటి ఆదివారం నియమం పెట్టింది. తమ్ముడు ఆ నియమాన్ని పట్టుకున్నాడు. "ఏవండీ, ఈ రేవులో లోతెంత?" అని అడిగాడు. ఆమె అటక వైపు చూస్తూ, "నడుం లోతు, పడవవాడా," అంది. "అవతల గుడిసె ఉందాండీ?" "ఉంది, పడవవాడా." "దాని తలుపు ఏం రంగండీ?" "నీలం." "కొత్త నీలమాండీ, వెలిసిందాండీ?"

"ఆ తలుపుకి రంగేస్తావేంటయ్యా పడవవాడా? నడు," అని మరదలు కసిరింది.

అతనికి తలుపు రంగుతో పనేమీ లేదు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు వస్తుంది, అంతే. కూతురి నోటి నుంచి నేరుగా తనకు వచ్చే మాటల కోసం, ఆ తరవాత ప్రతి ఆదివారం రెండు గంటలకల్లా స్నానం చేసి, చొక్కా మార్చుకుని చాప మీద కూర్చునేవాడు. నేను ఒకసారి లెక్కపెట్టాను. ఒక పూటలో నలభై ప్రశ్నలు దాటాయి. ఆట బయట మాత్రం పోస్టాఫీసు పాత పద్ధతిలోనే నడిచింది.

తూముల దొర కోటకు చేరిన రోజు వాన లేదు. ఉక్కపోతగా ఉంది. మేనకోడలు ఎప్పటిలాగే పాత క్యాలెండరు అట్టను ముందు నిలబెట్టుకుని, దాని వెనక తన కాగితాలు పెట్టుకుంది. దొర ఒంటరిగా ఉన్నాడని చెప్పింది. కాపలా లేదు. చేతిలో తాళాల గుత్తి ఉంది.

"బాణం వేసేస్తున్నా," అంది స్నేహితురాలు. "మా ఊళ్ళు ముంచేడు. ఇక మాటల్లేవు."

"గవ్వలు వెయ్యి," అంది మేనకోడలు.

"ఒక్క నిమిషం అమ్మా," అన్నాడు తమ్ముడు. "పడవవాడు ఒక మాట అడుగుతాడు. దొరా, ఆ తూము ఎందుకెత్తేవు?"

జవాబు ఇచ్చి తీరాలి. దొర గొంతు ఆమెదే. ఇన్నాళ్ళూ దొర నవ్వాడు, అరిచాడు, బెదిరించాడు. ఎవరూ అతన్ని ఇది అడగలేదు. మేనకోడలు అట్ట వెనక కాగితం వైపు చూసింది. మరదలు విసనకర్ర ఆపేసింది.

"నా కోట కందకంలో చేపలు చస్తున్నాయి," అంది చివరికి. దొర గొంతు అంతకుముందు బొంగురుగా పెట్టేది. ఇప్పుడు తన గొంతుతోనే చెప్పింది. "నీరు మారిస్తే కొన్నయినా బతుకుతాయనుకున్నాను. సముద్రం వెనక్కి పోతోందని కబురొచ్చింది. నమ్మేను. తొందరలో ఉన్నాను." ఆగింది. "కింద పొలాలున్నాయని నాకు తెలుసు. తెలిసే ఎత్తేను."

తమ్ముడు చాప మీద కొంచెం ముందుకు జరిగాడు.

"మరి తరవాత ఎందుకు చెప్పలేదు, దొరా?" అన్నాడు. అడిగింది పడవవాడే గాని, గొంతు బాగా తగ్గిపోయింది.

మేనకోడలు అట్టను పక్కకు తోసేసింది. "అది నాకు తెలీదు," అంది. కళ్ళు నిండాయి. "అది నాకెలా తెలుస్తుంది? నువ్వే చెప్పు నాన్నా."

దాదాపు రెండు నెలల తరవాత ఆ పిలుపు. మరదలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తమ్ముడు స్నేహితురాలి వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ పిల్ల ఇంకా గవ్వలు గుప్పిట్లో పట్టుకునే ఉంది.

"అమ్మా, మీ నారుమడిలోకి వచ్చిన ఉప్పు నా చెరువుదేనమ్మా. గొట్టం నేనే తీసేను. మీ నాన్నగారి మొహం చూసి చెప్పడానికి సిగ్గేసింది. నారు తెచ్చి పడేస్తే సరిపోద్దనుకున్నాను."

ఆ పిల్ల తండ్రీకూతుళ్ళను మార్చి మార్చి చూసింది. కోపం వచ్చిందని నేను అనుకున్నాను. తరవాత గవ్వలను ఒక్కొక్కటిగా చాప మీద పెట్టింది.

"నాతో కాదండీ," అంది. "మా నాన్నతో చెప్పాలండీ. ఆయన ఇప్పటికీ తన నాలికే చెడిందనుకుంటున్నారండీ. కూరలో ఉప్పు కూడా మమ్మల్నే చూడమంటున్నారు."

ఆ మాట మా ఎవరి ఊహలోనూ లేదు. నారు పోయిందని తెలుసు. మళ్ళీ వచ్చిందనీ తెలుసు. ఒక మనిషికి తన నాలుక మీద నమ్మకం పోయిందన్న సంగతి నా కాగితంలోకి రాలేదు, ట్రాక్టరు మీద తెచ్చిన కట్టల్లోకీ రాలేదు. ఉప్పు ఎక్కడి నుంచి, ఎప్పుడు వచ్చిందో నేను ఆ రోజే రాసి ఉంటే, ఆయన ఉదయం చూసిన నీరు నిజంగానే చప్పనిదని తేలిపోయేది.

తమ్ముడు లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఆగు నాన్నా, నేనూ వస్తాను," అంది మేనకోడలు.

నేనూ లేచాను. కాలువ వెంట రాసుకున్న అంకెలు ఆయనకు చూపించవలసిన మనిషిని నేనే కనుక నోటుపుస్తకం సంచిలో వేసుకున్నాను. నలుగురం గట్టు మీద ఒకరి వెనక ఒకరం నడిచాం. స్నేహితురాలు ముందు, తమ్ముడు తరవాత. మేనకోడలు తండ్రి చొక్కా అంచు పట్టుకుని నడిచింది. గట్టు ఇరుకు, జారుడుగా ఉంది. పట్టుకోవడానికి ఆ కారణం సరిపోతుంది. వేరే కారణం నేను వెతకలేదు.

ఆయన పెరట్లో కొబ్బరికాయలు వలుస్తున్నాడు. తమ్ముడు చెప్పినదంతా పూర్తిగా విన్నాడు. మధ్యలో ఆపలేదు. నా పుస్తకంలోని అంకెలను వేలు పెట్టి ఒక్కొక్కటి చూశాడు.

"అయితే పొద్దున్న చప్పగానే ఉందన్నమాట," అన్నాడు.

"ఆయ్. చప్పగానే ఉందండీ," అన్నాను.

ఆయన తలుపు వైపు తిరిగి, "ఏమేవ్, విన్నావా?" అని భార్యను కేకేశాడు. తరవాత తమ్ముడితో, "ముందే చెప్పాల్సిందండీ," అన్నాడు. కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు. నిలబడే ఉన్నాం. కొంతసేపటికి రెండు బొండాలు కొట్టి పిల్లల చేతికిచ్చాడు. మాకు ఇవ్వలేదు. అది న్యాయమే. వచ్చే ఏడు గొట్టం తీసే ముందు తనకు కబురు పెట్టాలన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. ఇద్దరి మధ్య పాత చనువు ఇంకా రాలేదు. వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. తండ్రీకూతుళ్ళు మాత్రం ఇప్పుడు ప్రతి చిన్నదానికీ పోట్లాడుకుంటున్నారు, నేరుగా.

తేలని ప్రశ్న ఒకటి మిగిలింది. కింద పొలాలున్నాయని తెలిసే ఎత్తానని దొర చేత మేనకోడలు చెప్పించింది. తమ్ముడు కాదనలేదు. గొట్టం తీసిన ఆ ఉదయం, పక్కన నారుమడికి నీరు తోడుతున్నారన్న సంగతి అతని మనసులో నిజంగా మెదిలిందా? చవితి వెళ్ళాక విడిగా అడిగాను. మొదట తెలుసన్నాడు. కాసేపటికి, లేదక్కా, ఇంజను చప్పుడు విన్నట్టు గుర్తులేదన్నాడు. ఇంకో రోజు మళ్ళీ అడిగితే ఇలా అన్నాడు.

"అమ్మాయి ఆ మాట అన్నాక, నాకు ముందే తెలుసో, అది చెప్పేక తెలిసినట్టయిందో విడదీయలేకపోతున్నానక్కా. ఇప్పుడు ఆ పొద్దు తలుచుకుంటే ఇంజను చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు వినిపించిందా అంటే చెప్పలేను."

ఆ ఉదయం గొట్టం దగ్గర అతను తప్ప వేరే మనిషి లేడు. ఉన్న ఒక్క సాక్షి జ్ఞాపకంలో కూతురు చెప్పిన కథ కలిసిపోయింది. ఏది ముందుదో, ఏది తరవాతదో వేరుచేసే పరికరం నా దగ్గర లేదు. పుస్తకంలో ఆ ప్రశ్న ఎదురుగా గడి ఖాళీగా వదిలేశాను.